ఎందుకు అని అడిగే ఉద్యోగం

జూన్ మొదటి వారంలో కామారెడ్డిలో ఏ పుస్తకాల దుకాణంలోకి వెళ్లినా కళ్ల కన్నా ముక్కుకే ఎక్కువ పని. కొత్త అట్టలు, జిగురు, వర్షం పడీపడకుండా దుకాణం ముందు లేచే మట్టి వాసన, వీటన్నిటి మధ్య కొత్త కంపాస్ బాక్సు మూత తీసినప్పుడు గుప్పుమనే ఒక ప్రత్యేకమైన వాసన ఉంటుంది: సగం రేకు, సగం రబ్బరు, మిగిలింది పెన్సిల్ చెక్క. ఈ ఏడు మా వాడు ఎనిమిదో తరగతికి వచ్చాడు కాబట్టి ఆ మూత తీసి చూసే హక్కు నాకు చట్టబద్ధంగా దొరికింది. లోపల అన్నీ యథాప్రకారం ఉన్నాయి. ఆ రెండు ప్లాస్టిక్ త్రిభుజాలు దేనికో తెలియకుండానే మా తరం మొత్తం పదో తరగతి దాటింది. మేము వాటిని వీపు గోక్కోవడానికి వాడుకున్నాం, విభాగినితో కాలి ముళ్లు తీసుకున్నాం, కోణమానిని అడ్డంగా పెట్టుకుని చంద్రవంక బొట్టు సరిచేసుకున్నాం. మా ఇంట్లో ఒకే ఒక్క మనిషి ఆ డబ్బాలోని వస్తువులన్నిటినీ వాటి పనికి వాడింది. ఆమె మా అక్క సుగుణ. అదీ మొదట ఫెయిలయ్యాకే.

మాది ఎల్లారెడ్డి. అప్పుడు కామారెడ్డి ఇంకా జిల్లా కాలేదు, మేము ఇంకా నాగరికులం కాలేదు. ఇంటి ముందు రేకుల వసారా, వసారాలో అవ్వ, అవ్వ ఒళ్లో బీడీల చాట. మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అనే పిలుస్తాం. తడిపి గుడ్డలో చుట్టిపెట్టిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, వాటి మీద తేలుతూ వచ్చే జొన్నరొట్టె కాలుతున్న వాసన కలిస్తే అదే మాకు పొద్దు పొడిచిన లెక్క. ఎండాకాలం వస్తే మామిడికాయ తొక్కు రోట్లో పడేది, అది నాలుగిళ్ల అవతలికి వినబడేది, అవతలివాళ్లు మర్యాదగా ఏదో పని పెట్టుకుని వచ్చేవాళ్లు. వానాకాలం సర్వపిండి, చలికాలం నువ్వుల ముద్దలు, ఏ కాలమైనా పొద్దున్నే అంబలి. అంబలి గురించి ఇప్పుడు హైదరాబాదులో జనం గొప్పగా చెప్పుకుంటున్నారని విన్నాను. మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు, ముఖం ముడుచుకుని తాగాం.

ఆటల్లో కూడా మాకు తెలియకుండానే రేఖాగణితం ఉండేది. తొక్కుడు బిళ్లకు గడులు గీసేటప్పుడు గీత వంకర పోతే పెద్ద పంచాయితీ జరిగేది. బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు వరుస మీద గునుగు వరుస, దాని మీద బంతి వరుస, ఒక్కో వలయం కింది దానికన్నా సరిగ్గా కొంచెమే చిన్నగా రావాలి. తేడా వస్తే బతుకమ్మ ఒక పక్కకు ఒరిగి, వాడకట్టు ఆడవాళ్లందరూ అవ్వ వైపు జాలిగా చూసేవాళ్లు. ఆ వరుసలు అక్కే పేర్చేది. ఆమె చేతికి కొలబద్ద అక్కర్లేదు. తునికాకు మీద రేకు ముక్క పెట్టి కత్తెరతో కోసేటప్పుడు కూడా ఏ ఆకులోంచి ఎన్ని ముక్కలు వస్తాయో చూడగానే చెప్పేసేది. అంగట్లో కూరగాయల లెక్క దుకాణదారు వేళ్లు మడిచేలోపు చెప్పేది. ఆమె తలలో లెక్క జరిగేది కాదు, ఉండేది, అంతే.

అందుకే పదో తరగతి ఫలితాలు పేపర్లో వచ్చిన రోజు అక్క నంబరు లేకపోతే మేము మొదట పేపరును అనుమానించాం. బాపు బస్టాండుకు వెళ్లి ఇంకో పేపరు తెచ్చాడు. అందులోనూ లేదు. తర్వాత మార్కుల కాగితం వచ్చింది. తెలుగు, హిందీ, ఇంగ్లీషుతో సహా అన్నీ పాసు, లెక్కలు మాత్రం ఫెయిలు. చేపకు ఈతలో మార్కులు తగ్గినట్టుగా అనిపించింది మాకు.

"అన్ని జవాబులు రాసిన బాపూ, అన్ని కరెక్టే," అంది అక్క.

"మరెందుకు ఏయలే మార్కులు?"

"ఏమో."

బాపు కోప్పడే మనిషి కాదు. కోప్పడకపోవడంలోనే ఆయన బలమంతా ఉండేది. గడ్డం గోక్కుని, "మళ్ల పరీక్ష పెడ్తరట గద, ఒక్కపారి సూద్దాం. పాసైతే కామారెడ్డి కాలేజికి తోలుత. కాకుంటే ఇగ మీ అవ్వ పక్కన సాట ఏసుకో," అన్నాడు. దాంట్లో బెదిరింపు లేదు. మా వాడలో ఆడపిల్లలకు ఉన్న రెండు దారులు అవే, ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు.

ఆ సాయంత్రం బోరింగు దగ్గర నీళ్లకు నిలబడ్డప్పుడు అక్క నాతో ఒక మాట అంది. నేనప్పుడు ఏడో తరగతి. నాకు ఎవరూ మనసులో మాట చెప్పేవాళ్లు కాదు, చెబితే వాడకట్టంతా తెలిసిపోయేది కాబట్టి.

"సాటంటే నాకు కోపం లేదే రమా. కని దాని ముందట కూసుంటే పొద్దంత నా మోకాళ్లే కనబడతయి."

ఈ మాట మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు.

మా బడిలో లెక్కలు చెప్పే రాజలింగం సారు అక్క బాధ కన్నా తన బాధే ఎక్కువన్నట్టు మర్నాడే ఇంటికి వచ్చాడు. సన్నగా, పొడవుగా, కొంచెం ముందుకు వంగి, దూరం నుంచి చూస్తే ఎవరో బోర్డు మీద గీసి మధ్యలో వదిలేసిన గీతలా ఉండేవాడు. ఎండ ముదరకముందే తన ఇంటి అరుగు మీదికి రమ్మన్నాడు. అక్క ఒంటరిగా ఎందుకని అవ్వ నన్ను తోకలా తగిలించింది. మొదటి రోజు సారు ఒక లెక్క చదివాడు: ఒక దీర్ఘచతురస్రం పొడవు వెడల్పు కన్నా ఏడు మీటర్లు ఎక్కువ, చుట్టుకొలత యాభై నాలుగు మీటర్లు, పొడవెంత?

ఆయన పుస్తకం మూయకముందే అక్క, "పదిహేడు," అంది.

"ఎట్ల?"

"కనబడతుంది సార్."

"నాకు కనబడలే."

"పదిహేడే సార్, కావాలంటే కలిపి సూడుండ్రి."

"పదిహేడు కాదంటున్ననా? ఎట్లొచ్చిందంటున్న. పేపరు దిద్దేటాయనకు నీ తలకాయ కనబడదు బిడ్డా, కాయిదమే కనబడ్తది. నీ కాయిదం మీద పదిహేడు ఒక్కతే దిక్కులేనట్టు కూసున్నది. ఆడికి ఎట్లొచ్చిందో, ఎవరు తోలుకొచ్చిండ్రో ఎవరికి తెలుసు? పక్కపొల్ల కాయిదంల నుంచి దుంకి వచ్చిందనుకుంటరు."

అప్పుడు తెలిసింది మాకు, అక్క నేరం ఏమిటో. పరీక్ష మొత్తంలో ఆమె ఒక్క మెట్టు కూడా రాయలేదు. ప్రశ్న, కింద జవాబు, మధ్యలో స్వచ్ఛమైన తెల్లకాగితం.

సారు పద్ధతి వేరు. ఒక్కో మెట్టుకు ఒక్కో గీత. గీతకు కుడి పక్కన, ఆ మెట్టు ఎందుకు వేశామో కారణం. వెడల్పు x అనుకుందాం. అప్పుడు పొడవు x + 7, ఎందుకంటే ఏడు ఎక్కువన్నారు. పొడవు, వెడల్పు కలిపితే చుట్టుకొలతలో సగం, అంటే ఇరవై ఏడు, ఎందుకంటే నాలుగు భుజాల్లో రెండే కలిపాం. కాబట్టి 2x + 7 = 27. రెండు వైపుల నుంచీ ఏడు తీసేద్దాం, ఒక వైపే తీస్తే తక్కెడ ఒరుగుతుంది కాబట్టి. 2x = 20. x = 10. పొడవు పదిహేడు. అక్క ఇదంతా రాసి, చెప్పుల్లేకుండా ఎండలో మెల్లగా నడిపించినట్టు మొహం పెట్టింది. "గిదంత ఎందుకు సార్, మొదలే చెప్పిన గద," అంది. సారు నా వైపు తిరిగాడు. నేను అరుగు అంచున కూర్చుని చీమలు చూస్తున్నాను.

"నీకు లెక్కలొస్తయా?"

"రావు సార్," అన్నాను. నా గురించి నాకు ఉన్న కొద్దిపాటి స్పష్టమైన అభిప్రాయాల్లో అదొకటి.

"మంచిగైంది," అన్నాడాయన, ఎంతో కాలంగా వెతుకుతున్నది దొరికినట్టు. "సుగుణా, ఇగ నువ్వు ఏ లెక్క చేసినా దీనికి చెప్పాలె. ఒక్కో మెట్టు దగ్గర ఇది ఎందుకు అని అడుగుతది. దీనికి సమజైతే పేపరు దిద్దేటోళ్లకు గూడ సమజైతది."

అలా నాకు జీవితంలో మొదటి ఉద్యోగం దొరికింది. అర్హత: తెలియకపోవడం. ఆ తర్వాత నేను డిగ్రీ చదివాను, ఇప్పుడు ఒక ఆఫీసులో కుర్చీ ఉంది, కానీ ఇంత సరిగ్గా నా యోగ్యతకు తగిన పని మళ్లీ ఎవరూ ఇవ్వలేదు.

ఆ ఎండాకాలమంతా మా వసారాలో ఇదే తంతు. అక్క అవ్వకు సాయంగా ఆకులు కోస్తూ ఒక లెక్క చెప్పేది, కోసిన ఆకులు ఒక పక్క, కాగితం ఒక పక్క. నేను మధ్యలో కూర్చుని ఎందుకు అనేదాన్ని. మొదట్లో నాకు జీతం లేని ఉద్యోగం కాబట్టి నాకు తోచిన చోటే అడిగేదాన్ని, తర్వాత పనిలో రుచి తగిలింది. తీసివేత అవతలికి పోతే కూడిక ఎందుకైతది? ఎందుకు? రెండు త్రిభుజాలు ఒకటే అంటివి, ఎందుకు? అక్క విసుక్కునేది, కత్తెర నేలకేసి కొట్టేది, "నీకు తల్కాయలేదే" అనేది. కానీ చెప్పాల్సి వచ్చేది. చెబుతూ చెబుతూ ఆమే ఒక్కోసారి ఆగిపోయేది, ఎందుకంటే తనకు కనబడేది ఎందుకు కనబడుతోందో ఆమెకూ అంతవరకూ తెలియదు. ఆ ఆగడంలో ఆమె కళ్లు మెల్లగా పెద్దవయ్యేవి. ఇంట్లో ఈ జబ్బు పాకింది. కూరలో ఉప్పు తక్కువైందని బాపు అంటే అవ్వ చాటలోంచి తలెత్తకుండానే, "ఎందుకు? మెట్లు రాసి సూపియ్యి," అనేది.

అంతా బాగానే సాగుతున్న రోజుల్లో సమాంతర చతుర్భుజం వచ్చింది.

దానికి ముందు బాపు తాడు గురించి చెప్పాలి. మా వైపు వరినాట్లు గుత్తకు ఇచ్చేవాళ్లు. ఆడవాళ్లు గుంపుగా వచ్చి నాటు వేసిపోతే, ఎంత మడి నాటారో కొలిచి ఆ లెక్కన కూలి గింజలు ఇవ్వాలి. కొలిచేది మా బాపు. గజానికో ముడి వేసిన తాడు ఒకటి ఆయన భుజానికి ఉండేది. మడికి ఎదురెదురుగా ఉన్న రెండు గెట్లు కొలిచి, కలిపి, సగం చేసేవాడు. ఇంకో రెండు గెట్లకూ అంతే. ఆ రెండు సగాలను గుణిస్తే మడి వచ్చేది. పెద్దల నుంచి వచ్చిన పద్ధతి. బాపు తాడు పడిందంటే నాటు వేసినవాళ్లకూ నోరు లేదు, వేయించుకున్నవాళ్లకూ నోరు లేదు. ఆయనకు పొలం కొంచెమే, కానీ ఆ తాడు భుజాన వేసుకుని గెట్టు మీద నడుస్తుంటే అక్కడ కనబడేదంతా ఆయనదే అన్నట్టు ఉండేది. చిన్నప్పటి నుంచి ఆ తాడు రెండో కొస పట్టుకున్నది అక్క.

సారు ఇచ్చిన లెక్కలో సమాంతర చతుర్భుజం భుజాలు పన్నెండు, ఎనిమిది. పన్నెండు మీటర్ల భుజం మీదికి ఎత్తు ఆరు. వైశాల్యం ఎంత? అక్క ఈసారి బుద్ధిగా మెట్లు రాసింది. ఎదురెదురు భుజాలు పన్నెండు, పన్నెండు. కలిపి సగం చేస్తే పన్నెండు. ఇటు పక్క ఎనిమిది, ఎనిమిది. సగం చేస్తే ఎనిమిది. పన్నెండు ఎనిమిదులు తొంభై ఆరు. కుడి పక్కన కారణం అడిగిన చోట గుండ్రటి అక్షరాలతో రాసింది: "బాపు ఇట్లనే కొలుస్తడు."

సారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఆమె జవాబు తప్పడం ఆయన అప్పటిదాకా చూడలేదు.

"భూమిని ఎత్తుతోని గుణించాలె బిడ్డా. పన్నెండార్ల డెబ్బై రెండు."

"అయితే మా బాపు తప్పా సార్?"

"మీ బాపు తప్పని నేననలే. ఆ లెక్క ఏ మడికి చెల్లుతదో అడుగుతున్న."

"అన్ని మడ్లకు గట్లనే కొలిచిండు. ఊరంత కొలిచిండు. ఎవ్వరు కాదనలే."

సారు ఇంకేదో చెప్పబోయాడు. అక్క కాగితం మడిచి లేచింది. ఆ మర్నాడు వెళ్లలేదు, ఆ పై రోజూ వెళ్లలేదు. పుస్తకంలో ఉన్నది రాస్తే మార్కులు వస్తాయని ఆమెకు తెలుసు. అది రాస్తే ఇన్నేళ్లూ తాను పట్టుకున్న తాడు కొస అబద్ధమని చేవ్రాలు చేసినట్టు అవుతుందని కూడా అనుకుంది. పరీక్ష దగ్గర పడుతోంది. అవ్వ తన చాట పక్కన చాప కొంచెం వెడల్పుగా పరవడం మొదలుపెట్టింది. నేను ఎందుకు అని అడగలేదు. ఏ ఉద్యోగానికైనా సెలవులుంటాయి.

అదే వారంలో మంచాలకు నల్లులు పట్టాయి. ప్రతి ఎండాకాలం జరిగే శుద్ధి కార్యక్రమమే అది: నులక విప్పేసి, చట్రం మీద వేడినీళ్లు పోసి, ఎండకు పెట్టి, కొత్త నులక అల్లడం. ఎండకు కట్టె బిగువు తప్పి, నులక లేని మంచం ఏ కోడు ఎటు పోతుందో తెలియకుండా కదులుతుంది. దాన్ని నీడకు తెద్దామని ఒక మూల బాపు, ఎదురు మూల అక్క పట్టుకున్నారు. బాపు ఇటు గుంజాడు, అక్క పట్టు వదల్లేదు, మంచం ఒక పక్కకు వాలిపోయింది. అక్క అలాగే నిలబడిపోయింది.

"ఏందే, గట్ల నిలవడ్డవ్? నడువ్."

"జెర ఆగు బాపూ. మళ్లొక్కసారి గుంజు."

"ఇరుగుతదే!"

"ఇరగది. గుంజు నువ్వు."

బాపు గుంజాడు. మంచం ఇంకొంచెం వాలింది.

"పట్టెలు తగ్గినయా బాపూ?"

"కట్టె ఎట్ల తగ్గుతదే? తాడు లెక్క సాగుతదా, ముడుసుకుంటదా?"

"మరి నడుమ జాగ ఏడికి వోయింది?"

బాపు మంచం వైపు చూశాడు. పొడుగు పట్టెలు రెండూ అలాగే ఉన్నాయి, పొట్టి పట్టెలు రెండూ అలాగే ఉన్నాయి. కలిపి సగం చేస్తే వచ్చేది మారదు. కానీ మధ్యలో ఖాళీ సన్నబడిపోయింది, చూస్తున్నవాళ్లందరి ముందే.

"అవును తగ్గింది," అంది అవ్వ వసారాలోంచి. "ఇంకింత గుంజుండ్రి, దాంట్ల ఒక్క మనిషే పడ్తడు. నేనింత సాపేసుకుంట."

బాపు తన మూల వదిలేశాడు. తానే వెళ్లి నాలుగు మూలలూ నెట్టి మంచాన్ని సక్కగా చేశాడు, మళ్లీ వాలేలా చేశాడు, మళ్లీ సక్కగా చేశాడు. పాతికేళ్ల మడ్లు ఒక్కొక్కటీ ఆయన కళ్ల ముందు వాలుతున్నాయని నాకు ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం నల్లులు వెతుకుతున్నాడనుకున్నాను. అక్క మొహం చూస్తే భయమేసింది. తాను కనిపెట్టిన దానికి తానే దెబ్బ తిన్నట్టు ఉంది. ఆయన తాడు తీసుకుని, తువ్వాల నెత్తిన వేసుకుని, మిట్టమధ్యాహ్నం పొలాల వైపు వెళ్లిపోయాడు. అన్నం చల్లారింది. అవ్వ బీడీలు చుట్టడం ఆపి దారి వైపు చూసింది, మళ్లీ చుట్టింది.

పొద్దు వాలేటప్పుడు వచ్చాడు. కాళ్లు కడుక్కుని, అక్క ముందు కూర్చున్నాడు.

"కాల్వ పక్క మడి వాలుగ ఉన్నది గద. దాన్నెట్ల కొలుస్తరు మీ పుస్తకంల?"

అక్క కాగితం తెచ్చింది. మడి గీసింది. ఒక మూల నుంచి ఎదురు మూలకు గీత గీస్తే రెండు త్రిభుజాలు అవుతాయి. ఆ గీతే రెండిటికీ భూమి. దాని మీదికి అవతలి మూల నుంచి నిలువుగా దూరం కొలిస్తే అది ఎత్తు. భూమిని ఎత్తుతో గుణించి సగం చేయాలి. రెండు త్రిభుజాలూ కలపాలి.

"సగం ఎందుకు?" అన్నాడు బాపు.

నేను నోరు తెరిచేలోపే అడిగేశాడు. ఆ క్షణంలో నా ఉద్యోగం పోయిందని నాకు తెలిసిపోయింది. అక్క చెప్పింది. బాపు ఇంకో ఎందుకు అడిగాడు. అదీ చెప్పింది. చెప్పేకొద్దీ కాగితం మీద గీతలు పెరిగాయి. నాలుగు మూలలూ సక్కగా ఉన్న మడికి పాత లెక్క నూటికి నూరుపాళ్లూ నిజమనీ, మూల ఒరిగినకొద్దీ అది ఎక్కువ చూపిస్తుందనీ, తక్కువ ఎప్పుడూ చూపించదనీ చెప్పింది. బాపు ఆ చివరి మాట దగ్గర ఆగాడు.

"తక్కువ సూపియ్యదా? ఎన్నడు?"

"ఎన్నడు సూపియ్యది బాపూ."

ఆయన చిన్నగా నవ్వాడు. "అయితే పోనీ తియ్. నాటేసిన ఆడోళ్లకే నాలుగు గింజలెక్కువ వొయినయి."

మర్నాడు తెల్లవారకముందే బాపు అక్కను లేపి, "నడువ్, సారు ఎదురుసూస్తడు," అన్నాడు. రాజలింగం సారు ఎదురుచూస్తూనే ఉన్నాడు, రోజూ చూశాడట. అక్క రాసిన పాత కాగితం మీద కుడి పక్కన బాపు పేరు ఉన్న చోట ఆయన కొట్టివేయలేదు. దాని కింద "మూలలు లంబంగా ఉన్నప్పుడు" అని చేర్చాడు. ఆయన దిద్దిన కాగితాల్లో అంత మర్యాదగా దిద్దింది నేను ఇంకొకటి చూడలేదు.

పరీక్ష కామారెడ్డిలో. బస్సు లింగంపేట దాటే వరకు అక్క సూత్రాలు గొణుక్కుంది, ఆ తర్వాత వాంతి చేసుకుంది. బడి బయట వేపచెట్టు నీడలో బాపు, నేను, ఇంకా చాలామంది తండ్రులు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా సోడాలు తాగారు. గంట కొట్టాక అక్క బయటికి వచ్చింది. వేళ్లకు సిరా, మొహం ఎండిపోయి ఉంది.

"వాలు మడి అచ్చిందా?" అని అడిగాడు బాపు, ముందుగా.

"రాలే బాపూ."

"రాలేదా!" ఆయనకు నిజంగా బాధేసింది. ఇంత తిప్పలు పడ్డాక ఆ పేపరు తయారు చేసినవాళ్లు కనీస మర్యాద చూపించలేదనిపించింది. "మరేమడిగిండ్రు గాళ్లు?"

అక్క ఏడవడం మొదలుపెట్టింది. పెద్ద లెక్క ఒకటి సగంలో ఉండిపోయిందట. "జవాబు తెలుసు బాపూ. చదవంగనే కనబడ్డది. మెట్లు రాసుకుంట వొయ్యే వరకు గంట గొట్టిండ్రు. జవాబు రాయలే." మొదటిసారి జవాబులు రాసి మెట్లు వదిలేసింది, ఈసారి మెట్లు రాసి జవాబు వదిలేసింది. తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు ఉంది, ఏమీ చూడలేదు. ఎల్లారెడ్డిలో దిగగానే ఇంటికి కాకుండా సారు అరుగు దగ్గరికి వెళ్లాం. ఆయన అంతా విని, ఎక్కడిదాకా రాశావో చెప్పమన్నాడు. చెప్పింది. "మంచిగుంది," అన్నాడు, అంతే. మార్కులొస్తాయని అనలేదు, రావని అనలేదు. ఇంటికొచ్చి అక్క చేతులు కడుక్కుని చాట ముందు కూర్చుంది. అవ్వ కత్తెర అందించలేదు, దాచేయలేదు కూడా.

ఫలితాల పేపరు వచ్చే రోజుకు వానలు మొదలయ్యాయి. బాపు తడిసిన పేపరు తెచ్చాడు. నంబర్లన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అవ్వ దాన్ని పెనం పక్కన ఆరబెట్టింది, జొన్నరొట్టె కాల్చినంత జాగ్రత్తగా. అక్క దగ్గరికి రాలేదు. నేను వేలు పెట్టి వెతికాను, బాపు నా వేలు వెనకాల వెతికాడు. నంబరు దొరికింది. ఇద్దరం ఇంకోసారి చూశాం, ఇంకోసారి కూడా. అవ్వ అక్కను పిలిచి చెప్పింది. అక్క గోడకు ఆనుకుని భోరుమంది.

"పాసైతివి గదనే, ఎందుకేడుస్తున్నవ్?" అంది అవ్వ.

ఆ ఎండాకాలంలో అక్క కారణం చెప్పలేకపోయింది ఆ ఒక్కసారే. మార్కులెన్నో ఇక్కడ రాయను. పాసు గీత మీద చేయి వేసి అవతలికి దూకినన్ని వచ్చాయి. సగంలో ఆగిన ఆ లెక్కకు, జవాబు లేకపోయినా, రాసిన మెట్టుకల్లా మార్కులు పడి ఉంటాయని సారు అన్నాడు. లేకుంటే గీత ఇవతలే ఉండేది.

అక్క కామారెడ్డి కాలేజీకి వెళ్లింది. ఆ తర్వాతి చదువులు వరుసగా చదివింది, ఎక్కడా మెట్టు దాటేయలేదు. ఇప్పుడు మద్నూరు వైపు, మహారాష్ట్ర పొలిమేరలో, ఒక సర్కారు బడిలో లెక్కలు చెబుతోంది.

మా వసారా ఇప్పుడు లేదు, అక్కడ ఒక స్లాబు ఇల్లు ఉంది. నులక అల్లేవాళ్లు దొరకరు, దొరికినా అల్లడానికి మంచాలు దొరకవు. మడి కొలవడానికి మనిషి అక్కర్లేదు, ఫోను జేబులో పెట్టుకుని గెట్టు చుట్టూ నడిస్తే అదే చెబుతుంది. ఎందుకని అడిగితే మాత్రం చెప్పదు. రాజలింగం సారు పోయి చాలా ఏళ్లయింది. ఆయన అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. లెక్క ఫోటో తీస్తే మెట్లన్నీ వరుసగా చూపించే కిటుకు ఒకటి మా వాడు నాకు చూపించాడు. బాగుంది. ఆ మెట్లు ఎక్కుతున్నది ఎవరో మాత్రం నాకు తెలియలేదు.

మొన్న ఆఫీసుకు ఒక రోజు సెలవు పెట్టి అక్క బడికి వెళ్లాను. ఆ ఊళ్లో పిల్లలకు ఇంట్లో మరాఠీ, బడిలో తెలుగు, కొట్లాటలో రెండూ. నేను వెనక బెంచీలో కూర్చున్నాను, నా స్థాయికి తగ్గట్టు. అక్క బోర్డు మీద ఒక లెక్క రాసింది: రెండు సంఖ్యల మొత్తం ఇరవై, వాటి తేడా ఆరు, ఆ సంఖ్యలేవి? x, y అనుకుందామని మొదలుపెట్టబోతుండగా ముందు వరుసలోంచి రెండు జడల పిల్ల ఒకతి లేచి, సుద్దముక్క అడిగి తీసుకుంది. ఆమె x అనలేదు, y అనలేదు. ఇరవైని సగం చేసి ఇద్దరికీ చెరి పది ఇచ్చింది. తర్వాత ఒకరి దగ్గర నుంచి మూడు తీసి రెండోవాళ్లకు ఇచ్చింది. ఒకరికి ఏడు, ఒకరికి పదమూడు. ఆరు తేడా రావాలంటే ఆరు కాదు, మూడే ఎందుకు జరపాలో సగం మరాఠీలో, సగం తెలుగులో, చేతులు తిప్పుతూ చెప్పింది. పిల్లలందరికీ అర్థమైపోయింది. నాకు కూడా అర్థమైందంటే ఆ పిల్ల ఎంత బాగా చెప్పిందో మీరే ఊహించుకోవచ్చు.

అక్క బోర్డు పక్క నుంచి తప్పుకుని, బెంచీల మధ్యలోంచి నడిచి నా దగ్గరికి వచ్చింది.

"ఈ తొవ్వ నాకు తట్టలేదే," అంది, దొరికిన దాన్ని చూపిస్తున్నంత సంబరంగా. "జరుగు."

నేను బెంచీ చివరికి జరిగాను. బోర్డు దగ్గర ఆ పిల్ల తుడవడానికి గుడ్డ వెతుక్కుంటోంది, ఇంకో లెక్క ఆమే పెట్టబోతున్నట్టు ఉంది. ఏం రాస్తుందో చూద్దామని మేమిద్దరం కూర్చున్నాం.